కూసునే వాటా

జనగామ మార్కెట్ యార్డులో హమాలీ ముఠాలు చాలానే ఉన్నాయి గానీ, కనకయ్య ముఠాలో చేరడానికి మాత్రం మనుషులు కాచుకొని కూర్చుంటారు. అక్కడ కూలి ఎక్కువని కాదు. ఒంట్లో సత్తువ పోయినవాణ్ణి ఆ ముఠా ఇంటికి పంపదు. కాలు విరిగినా, భుజం జారినా, చూపు మందగించినా ముఠా మనిషి ముఠా మనిషే. షెడ్డు మూలన స్తంభం పక్కన ఒక నాపరాయి ఉంటుంది. మోయలేనివాడు దాని మీద కూర్చొని, దబ్బనమూ సుతిలీ దారమూ పట్టుకొని చినిగిన గోనెలు కుడతాడు. సాయంత్రం పంచుకునేటప్పుడు లారీ నింపినవాడికెంతో రాయి మీద కూర్చున్నవాడికీ అంతే. దాన్ని వాళ్ళు కూసునే వాటా అంటారు.

ఆ వాటాకొక కట్టుబాటుంది. కూర్చునే రోజున మనిషి బస్తాలెత్తే తన కొక్కెం తెచ్చి, అందరూ చూస్తుండగా రాయి ముందు నేల మీద పెట్టాలి. మేస్త్రి దాన్ని తీసి స్తంభానికున్న మేకుకు తగిలిస్తాడు. మేకెక్కిన కొక్కెం మళ్ళీ ఆ చేతికి రాదు. ఎండ ముదిరితే కూర్చొని చల్లబడ్డాక లేచే తెలివిమంతులు ప్రతి ముఠాలోనూ ఉంటారు. వాళ్ళ కోసం పెట్టిన కట్టుబాటది.

మేస్త్రి కనకయ్యకు ఆ రాయి అంటే మహా గర్వం. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే బావమరిది జయపాల్ ఒకసారి పెళ్ళిలో కలిసినప్పుడు, గనిలో దిగలేనని ఎవరైనా అంటే ఎన్ని పరీక్షలు చేస్తారో, ఎంతమంది డాక్టర్లు కూర్చొని తేలుస్తారో చెప్పుకొచ్చాడు. కనకయ్య మీసం దువ్వుకున్నాడు.

“మీకు బోర్డు గావాలె, బోర్డుకు డాక్టర్లు గావాలె. మాకు ఒక్క రాయి సాలు బామ్మర్ది.”

“రాయి ఏం అడగదు గద బావ,” అన్నాడు జయపాల్, “అందుకే మీకు లొల్లి లేదు.”

ఆ మాటకు కనకయ్య నవ్వేసి ఊరుకున్నాడు. అది మళ్ళీ గుర్తుకు రావడానికి ఒక వడ్ల సీజను పట్టింది.

ముఠాలో ప్రేమ్‌సింగ్ అని ఒకడున్నాడు. పాలకుర్తి దగ్గరి తండా మనిషి. సీజను మొదలైందంటే జనగామలో ఒక చిన్న గది తీసుకొని ఉంటాడు. మాట తక్కువ, పని ఎక్కువ. బస్తా వీపు మీదికి వచ్చిందంటే అతని నడక చూడాలి. మిగతావాళ్ళు బరువుకు వంగి, మోకాళ్ళు వణికించుకుంటూ పోతే, అతను గడకర్ర నిలబెట్టినట్టు నిటారుగా నడుస్తాడు. చెక్క పలక మీద నుంచి లారీ ఎక్కేటప్పుడు కూడా ఆ వీపు వంగదు. దొరలెక్క నడుస్తున్నడని రైతులు చెప్పుకునేవాళ్ళు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పకుండా మనిషి మొత్తం తిరిగి చూస్తాడు. దాన్ని కూడా మర్యాద కిందే జమకట్టారు.

ఇంకొక సంగతి. పొద్దు పొడవకముందే, చలికి కుక్కలు కూడా లేవని వేళ, ప్రేమ్‌సింగ్ యార్డుకు వచ్చి ప్రహరీ వెంట ప్రదక్షిణ చేస్తాడు. మొదట్లో మెల్లగా, చేతులు గోడకు ఆనిస్తూ, రానురాను చకచకా. కావలివాడి నోట ఈ మాట విన్న కనకయ్య ఇది మొక్కని తేల్చేశాడు. తండావాళ్ళకు సేవాలాల్ మహరాజ్ అంటే ఎంత భక్తో ఆయనకు తెలుసు. ఏ బిడ్డ చదువుకో, ఏ పంట కోసమో మొక్కుకొని ఉంటాడు. మొక్కు ఏమిటని అడగకూడదు, చెప్పిస్తే ఫలం పోతుంది. అందుకని ముఠాలో ఎవరూ అడగలేదు. అతను ఎదురైతే పక్కకు తప్పుకునేవాళ్ళు. గేటు దగ్గర చాయ్ అమ్మే అంజమ్మ, మొక్కు మీదున్న మనిషి అని మొదటి గ్లాసు అతనికే పోసేది. ప్రేమ్‌సింగ్ అది అందుకొని, నిలబడే తాగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవాడు.

మార్గశిరంలో ఒకరోజు మిల్లు లారీ చీకటితోనే వచ్చేసింది. దొరికినవాళ్ళను దొరికినట్టు పిలిచారు. ప్రేమ్‌సింగ్ అప్పుడే ప్రదక్షిణ మొదలుపెట్టాడు. అటు రవి, ఇటు ప్రేమ్‌సింగ్ ఒక బస్తాకు కొక్కేలు వేసి మోసేవాడి వీపు మీదికి ఎత్తాలి. రవి ముఠాలో చిన్నవాడు, పనిలో మెరుపు, నోరు ఇంకా మెరుపు. అతను వంగి కొక్కెం వేశాడు. ప్రేమ్‌సింగ్ మోకాళ్ళు మడిచాడు గానీ నడుము దిగలేదు. కొక్కెం గోనె అంచును గీరి జారిపోయింది. బస్తా ఒక పక్కకు ఒరిగి, నోరు తెరుచుకొని వడ్లన్నీ రవి పాదాల మీద పోసింది.

“వంగనోనికి కొక్కెమెందుకే అన్నా?” అన్నాడు రవి వడ్లలోంచి కాళ్ళు లాక్కుంటూ. “ఒంట్ల బాగుంటే ఎత్తు. బాగలేకుంటే పోయి రాయి మీద కూసో. రెంటి నడుమ నిలబడితె ఎట్ల?”

మాట ములుకే గానీ అందులో అబద్ధం లేదు. కనకయ్య దగ్గరికి వచ్చి ప్రేమ్‌సింగ్ ముఖం చూశాడు. ఆ చలిలో కూడా నుదుటి మీద చెమట. నడుమా అని అడిగాడు. అతను తలూపాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఏండ్లాయెనన్నాడు. కనకయ్య గుండె కరిగిపోయింది. ఇంత నొప్పి పెట్టుకొని ఇన్నేళ్ళూ నోరు మెదపకుండా మోశాడా ఈ మనిషి! ఆ మధ్యాహ్నమే ముఠానంతా పిలిచాడు. రాయి మీద తన తువ్వాలు పరిచాడు. ప్రేమ్‌సింగ్ తన కొక్కేన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకొని, మోకాళ్ళు మడిచి, నేల మీద పెట్టాడు. కనకయ్య మేకుకు తగిలించాడు. అందరి కళ్ళూ చెమర్చాయి. రవి కూడా వచ్చి భుజం తట్టాడు. ఒక మంచి పని చేశామన్న తృప్తి ముఠా మొత్తానికీ కలిగింది.

ప్రేమ్‌సింగ్ కుట్టు బాగా కుట్టేవాడు. కానీ రోజులు గడిచేకొద్దీ మనిషి బిగుసుకుపోవడం మొదలైంది. ముందు సాయంత్రం లేవడానికి స్తంభం పట్టుకునేవాడు. తర్వాత ఇద్దరు లేపాల్సి వచ్చింది. పిలిస్తే ఒళ్ళు తిప్పడం కూడా కష్టమై కళ్ళు మాత్రం తిప్పేవాడు. దాన్ని చూసి ముఠావాళ్ళు ఏమనుకున్నారంటే: చూడండి, రోగం ఎంత ముదిరిపోయిందో. సమయానికి కూర్చోబెట్టాం గనక సరిపోయింది, లేకపోతే ఏమయ్యేవాడో! అతను ఎంత కుంగితే వాళ్ళ నిర్ణయం వాళ్ళకు అంత సరైనదిగా కనబడింది. అంజమ్మ చాయ్ రాయి దగ్గరికే పంపేది. గోనెలు కూడా రాయి దగ్గరికే తెచ్చేవాళ్ళు. లేవాల్సిన పనే లేకుండా చూసుకున్నారు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం గోరీ వచ్చింది. ప్రేమ్‌సింగ్ భార్య. తండాలో పత్తి ఏరే పని మానుకొని, ఆటో ఎక్కి నేరుగా యార్డుకు వచ్చింది. భర్త దగ్గరికి పోలేదు. కాంటా పక్కన నిలబడ్డ కనకయ్య దగ్గరికి వచ్చి చెంగు సర్దుకుంది.

“మేస్త్రి బాపు, మీరు మంచి మనసుతోనే కూసోబెట్టిండ్రు. నేను కాదంటలేను. జర నా మొగణ్ణి లేపుండ్రి.”

కనకయ్యకు అర్థం కాలేదు. వాటా తగ్గించామని ఎవరైనా చెప్పారా అని అడిగాడు.

“వాటా గాదు బాపు. రాత్రి పండుకుంటె నడుము పట్టుకుంటది, కూసుంటె పట్టుకుంటది. నడిస్తెనే ఇడుస్తది. మీరు మొక్కనుకున్నరట గద? మొక్కు గాదు. తెల్లారి గట్ల తిరిగితెగానీ ఆయన నడుము తెరుసుకోదు.”

“మరి నాకు చెప్పొద్దా బిడ్డ?”

“ఏమని చెప్తడు? పండుకుంటె వచ్చి పని చేస్తె పోయే రోగముంటదా అని మా అత్తనే నవ్వింది. కొత్తగూడ అడివిల నుంచి మా నాయిన తెచ్చిన నూనెలన్ని రుద్దిన. మీరు మొక్కనుకుంటె ఆయనకు పానం సుకమైంది. ఎవ్వలు అడగకపాయిరి. తిరగనిచ్చిరి.”

కనకయ్య షెడ్డు మూలకు చూశాడు. ప్రేమ్‌సింగ్ రాయి మీద, పక్కకు కొంచెం ఒరిగి, దబ్బనం లాగుతున్నాడు. భార్య వచ్చిందని తెలిసినా తల ఎత్తలేదు. ఎత్తలేకపోయాడని కనకయ్యకు అప్పుడు తట్టింది.

మర్నాడు ముగ్గురూ జిల్లా దవాఖానకు వెళ్ళారు. కనకయ్య కూడా వెళ్ళడానికి కారణం ఒక్కటే. ఈ రోగం లెక్కలోకి వస్తుందా రాదా, ఒక్క మాటలో తేల్చుకొని వద్దామని. డాక్టర్ హరిత అనే ఆవిడ, వరంగల్ దిక్కు పిల్ల, చక్కగా ఓపికగా చూసింది. వంగమంది. ప్రేమ్‌సింగ్ చేతులు మోకాళ్ళు దాటలేదు. తిరగమంది, ఊపిరి పీల్చమంది, పాత ఎక్స్‌రేలు అడిగింది, కొత్తవి తీయించింది. చివరికి ఎక్స్‌రేను వెలుగుకు పట్టి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలైందని, ఇది బరువులు మోసి వచ్చింది కాదని, ఒంట్లో నుంచే పుట్టిన వాపని, మందులున్నాయని విడమరిచి చెప్పింది. పనిచేస్తే వచ్చే నడుము నొప్పి వేరు, పని లేకపోతే వచ్చే ఈ నొప్పి వేరు అంది. ప్రేమ్‌సింగ్ మొదటిసారి భార్య వైపు తిరిగి చూశాడు. తాను అబద్ధం చెప్పడం లేదని చదువుకున్న మనిషి నోటి నుంచి వినడానికి అతను చాలా ఏళ్ళు ఆగాడు.

“ఒక్క మాట చెప్పుండ్రి మేడం,” అన్నాడు కనకయ్య. “గిది వికలాంగుల కిందికి వస్తదా, రాదా?”

“సర్టిఫికెట్ సంగతైతే దానికి శిబిరముంటది పెద్దనాయినా. నడుము ఎంత వంగుతది, మెడ ఎంత తిరుగుతది అన్నీ కొలిచి శాతం రాస్తరు. రాసిస్త, పోయి సూపించుకోండ్రి. ఎంతొస్తదో నేను ఇప్పుడే చెప్తే తప్పయితది. మీ ముఠాల ఎట్ల తేలుస్తరు?”

కనకయ్య రాయి సంగతీ, కొక్కెం సంగతీ, సమాన వాటా సంగతీ చెప్పాడు. చెబుతున్నప్పుడు గొంతులోకి ఎప్పటి గర్వమే వచ్చింది. ఆవిడ కలం కింద పెట్టి విన్నది. ఎంతో గొప్ప పద్ధతి అని నిజంగానే మెచ్చుకుంది. తర్వాత మెల్లగా అంది:

“కాకపోతే ఈయనకు కూసునుడే బరువు పెద్దనాయినా. మీరు బస్తా దించి ఇంకో బస్తా ఎత్తిండ్రు. వంగి ఎత్తుడు వద్దు, గంత బరువు మోసుడు గూడ ఇగ మంచిది గాదు. నడిచే పని, నిలబడే పని ఎంతన్న చెయ్యనీయుండ్రి. పొద్దుగాల ఒళ్ళు ఇడిసేదాక జర టైమియ్యుండ్రి.”

తిరుగు దారంతా కనకయ్య లెక్క వేస్తూనే ఉన్నాడు. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. మోసేవాడు, కూర్చునేవాడు. మోయకూడదు, కూర్చోకూడదు అనే మనిషిని ఎక్కడ పెట్టాలి? కట్టుబాటు తప్పించి కొక్కెం తిరిగిద్దామంటే డాక్టరమ్మే వద్దంది. ఇవ్వకపోతే రాయి. రాయి కాకపోతే ఇల్లు. ఇంటికి పంపితే ఇక అది కనకయ్య ముఠా కాదు.

ఆ సాయంత్రం జయపాల్‌కు ఫోన్ చేశాడు. ఈసారి మీసం దువ్వుకోలేదు. అంతా విని జయపాల్ వెటకారం చేయలేదు. గని లోపలికి పనికిరాడని తేలిన మనిషికి, పైన ఏ పని కుదురుతుందో కూడా చూడాలని, తమ దగ్గర అసలు తగాదా ఎప్పుడూ దాని మీదేనని చెప్పాడు. “రోగాన్ని ఒక్కదాన్నే ముందటేసుకొని సూస్తె తేలదు బావ. పక్కన పనిని గూడ పెట్టి సూడాలె.”

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, కనకయ్య షెడ్డులోకి వెళ్ళి ఆ రాయి మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో దాని మీద ఎందరినో కూర్చోబెట్టాడు గానీ తాను కూర్చోవడం ఇదే మొదలు. కూర్చోగానే ఒళ్ళు ఎడమకు ఒరిగింది. సర్దుకున్నాడు, మళ్ళీ ఒరిగింది. లేచి వంగి చూస్తే రాయి కుడి పక్క కింద ఒక ఇటుక ఉంది. మట్టిలో కూరుకుపోయి, చీమలు పట్టి, రాయిలో భాగమే అన్నట్టుంది.

ఆ ఇటుక పెట్టింది తానే. ముఠాను మొదట కట్టిన భిక్షపతి ఎడమ కాలు లారీ చక్రం కింద నలిగి, మడత పడకుండా కట్టెలా ఉండిపోయినప్పుడు, ఆ కాలు చాపుకోవడానికి వీలుగా రాయి ఒక పక్క వాలి ఉండాలని, అప్పుడు కొత్తగా చేరిన కనకయ్య ఇటుక వెతికి తెచ్చి కింద తోశాడు. భిక్షపతి పోయాక చూపు పోయినవాడు కూర్చున్నాడు, భుజం జారినవాడు కూర్చున్నాడు. ఒక్కరి కాలూ చాపాల్సిన పని లేదు. అందరూ ఎడమకు ఒరిగే కూర్చున్నారు. గోనె మడిచి కింద పెట్టుకున్నారు. ఇటుక తీద్దామని ఎవరికీ తోచలేదు. రాయి అంటే అట్లాగే ఉంటుందనుకున్నారు.

కనకయ్య ఇటుకను అట్లాగే ఉంచి కాంటా వైపు నడిచాడు.

మధ్యాహ్నం వేలం ఆగిన వేళ ముఠాను పిలిచాడు. హమాలీలంతా షెడ్డులో గోనెల మీద, నేల మీద చేరారు. ప్రేమ్‌సింగ్‌ను కూర్చోమనలేదు. అతను స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు. కనకయ్య డాక్టరమ్మ చెప్పిందంతా దాచకుండా చెప్పాడు. మొక్కు మొక్కు కాదని చెప్పగానే కొందరు అబ్బురపడ్డారు, కొందరు తల దించుకున్నారు. చాయ్ కెటిల్‌తో వచ్చిన అంజమ్మ మాత్రం, మొక్కు కాకపోయినా నా మొదటి చాయ్ ఆయనకే, దానికి మీ పర్మిషన్ అక్కర్లేదంది.

రవి లేచాడు. ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్నే అతను అడిగాడు.

“కాక, నాకు ప్రేమ్‌సింగన్న మీద కోపం లేదు. రోగముందంటె నమ్ముత. కొక్కెం మేకెక్కినంక రాయి మీద కూసోవాలె, గదే మన కట్టుబాటు. కూసోను, మొయ్యను, తిరుగుత, వాటా గావాలె అంటె రేపు నేను గూడ తిరుగుత. నువ్వు గూడ తిరుగుతవు. బస్తాలు లారీల్లకు వాటంతటవే ఎక్కుతయా?”

చాలామంది మనసులో మాట అదే. కనకయ్య అతన్ని కసరలేదు. రాయి దగ్గరికి పిలిచి కూర్చోమన్నాడు. రవి అనుమానంగా చూసి కూర్చున్నాడు. ఎడమకు ఒరిగాడు. సర్దుకొని మళ్ళీ ఒరిగాడు. రాయి వంకరగా ఉందన్నాడు. కనకయ్య కుడి పక్క మట్టిని కొక్కెంతో తవ్వి ఇటుకను బయటికి లాగాడు. రాయి దడాలున సమంగా పడింది. రవి ఉలిక్కిపడి లేచాడు. కనకయ్య ఇటుకను అందరికీ చూపించి భిక్షపతి కాలు కథ చెప్పాడు. ముఠాలో సగం మంది భిక్షపతిని చూడనైనా లేదు.

“కట్టుబాటు కూసునుడు గాదురా రవి,” అన్నాడు చివరికి. “కాలు చాపుకోవాల్నని ఆయనకు రాయి ఏసినం. గది ఆయన కాలుకు తగ్గట్టు ఏసిన రాయి. మనం కాలును మరిచిపోయి రాయిని పట్టుకున్నం. భిక్షపతి కూసోవాల్నా పండుకోవాల్నా అని ఆనాడు ఆయన్నే అడిగినం. ప్రేమ్‌సింగును నేను అడగలే.”

అని ప్రేమ్‌సింగ్ వైపు తిరిగాడు. నువ్వే చెప్పు, ఏం చేస్తే నీకు బాగుంటుంది అని అడిగాడు.

ప్రేమ్‌సింగ్ అంతమంది ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. స్తంభం మీది మేకు వైపు, దానికి వేలాడుతున్న తన కొక్కెం వైపు చూశాడు. తర్వాత మనిషి మొత్తం ముఠా వైపు తిరిగాడు.

“నాకు ఏ పేరన్న పెట్టుండ్రి. రోగమనుండ్రి, వికలాంగుడనుండ్రి, నాకేం తక్కువ గాదు. కూసోబెట్టకుండ్రి,” అన్నాడు. గుక్క తిప్పుకొని, “కుప్పల తిరుగుడు నాకియ్యుండ్రి,” అన్నాడు.

షెడ్డు గొల్లుమంది.

నవ్వడానికి కారణముంది. యార్డులో పొద్దున్నే ఒక మనిషి ప్రతి వడ్ల కుప్ప దగ్గరికీ పోవాలి. ఏ రైతు ముందొచ్చాడు, ఎవరి వడ్లు ఆరాయి, ఎవరివి ఇంకా తేమగా ఉన్నాయి, ఏ కుప్ప ముందు నింపాలి, ఎక్కడ టార్పాలిన్ పరదా కప్పాలి, ఇవన్నీ చూసి వచ్చి మేస్త్రికీ, తూకం వేసే దడువాయికీ చెప్పాలి. మధ్యాహ్నం దాకా తిరుగుతూనే ఉండాలి. రైతులు తిడతారు, ఎండ కాలుస్తుంది, కాళ్ళు పీకుతాయి. ముఠాలో వంతులవారీగా చేస్తారు గానీ, వంతు వచ్చిన రోజున ప్రతివాడికీ కడుపు నొప్పే. అందరికంటే ఎక్కువ కడుపు నొప్పి వచ్చేది రవికి. ఆ పనిని కావాలని అడిగిన మనిషి యార్డు పుట్టిన తర్వాత లేడు.

“అన్నా, నీ రోగం నడుముకు గాదే, తలకాయకే,” అన్నాడు రవి.

ఈసారి ప్రేమ్‌సింగ్ కూడా నవ్వాడు. మెడ వెనక్కి వాల్చి నవ్వలేడు గనక మనిషి మొత్తం ఊగిపోయాడు. నవ్వు తగ్గాక చెప్పాడు. ఇన్నేళ్ళూ తెల్లవారుజామున గోడ వెంట తిరుగుతూ కుప్పలే చూసేవాడట. ఎవరు వచ్చారో, ఎవరి పరదా జారిందో చూసి, జారినవి కప్పి పోయేవాడట. మరి చూసింది వచ్చి చెబితే ఆ చీకట్లో ఎందుకు తిరుగుతున్నావని అడుగుతారని చెప్పలేదట. కనకయ్యకు గుర్తొచ్చింది. పరదా తెల్లారేసరికి దానంతటదే సర్దుకుందని రైతులు అనుకునేవాళ్ళు, ముఠావాళ్ళు ఆ పుణ్యం కావలివాడి ఖాతాలో వేసేవాళ్ళు.

రవి ఆలోచనలో పడ్డాడు. అతను మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. తనకు రెండు షరతులున్నాయన్నాడు. ముఠా చెవులు రిక్కించింది.

“కొక్కెం మేకు మీదనే ఉండాలె. గది దించేది లేదు. దించితె మన కట్టుబాటుకు ఇజ్జత్ ఉండదు.” ప్రేమ్‌సింగ్ తలూపాడు. కుప్పల తిరుగుడుకు కొక్కెంతో పనేముంది? “ఇంగోటి. ఇగ మీద ఎవ్వనికన్న ఒంట్ల బాగలేకుంటె, కూసోబెట్టాల్నా, నిలబెట్టాల్నా అని ముందు వాణ్ణే అడగాలె. రేపు నాకు ఏ రోగమొస్తదో నాకు తెల్వదు. నన్ను అడగకుంట తువ్వాల పరిస్తె మాత్రం కాక, నేను ఊకోను.”

“ఒక్కసారి అడిగితె సాలదు,” అన్నాడు కనకయ్య. “రోగం ఒక్కతీరుగ ఉండదు. సీజను సీజనుకు అడగాలె.”

ముఠా పద్ధతి ప్రకారం ఒప్పుకున్నవాళ్ళు తమ కొక్కేన్ని ముందు నేల మీద పెట్టాలి. ఒకటొకటిగా ఇనుము నేలను తాకింది. అందరికంటే ముందు పెట్టింది రవి. అందరూ పెట్టాక కనకయ్య తన కొక్కెం పెట్టాడు. షెడ్డులో అప్పుడు చేతిలో కొక్కెం ఉన్నవాడు ఒక్కడూ లేడు. ప్రేమ్‌సింగ్ ఆ కొక్కేల వైపు కాసేపు చూసి, తువ్వాలు తలకు చుట్టుకొని, అప్పుడే వచ్చిన ట్రాక్టరు వడ్లు ఎక్కడ పోయిస్తున్నారో చూడటానికి నడిచిపోయాడు.

తర్వాత గోరీ అతన్ని శిబిరానికి తీసుకుపోయింది. అక్కడ కొలిచినవాళ్ళు ఓపికగా కొలిచారు, శాతం తర్వాత తెలుస్తుందన్నారు. వస్తే పింఛనుకో దేనికో పనికొస్తుంది, రాకపోతే మళ్ళీ పోదాం అంది గోరీ. డాక్టరమ్మ ఇచ్చిన మందులు వాడుతున్నాడు. తెల్లారి బిగువు పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు పిలిస్తే మెడ కొంచెం తిరుగుతోంది. మొదటిసారి అట్లా తిరిగి చూసిన రోజున అంజమ్మ ఒక గ్లాసు చాయ్ ఒలకబోసుకుంది. యార్డులో రైతుల తగాదాలు చాలా తగ్గాయి. ఎవరి కుప్ప ఎప్పుడు నింపుతారో ప్రేమ్‌సింగ్ చెబితే అదే మాట. లారీ చీకటితో వస్తే అతన్ని ఎవరూ పిలవరు. అతను తన చుట్లు పూర్తి చేసుకొని వచ్చేదాకా మొదటి కుప్ప ఏదని కూడా ఎవరూ అడగరు. నాపరాయి సమంగా, ఖాళీగా ఉంది. దాని మీద ఇప్పుడు వచ్చినవాడల్లా కూర్చొని చాయ్ తాగుతున్నాడు.

ఎండాకాలం యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో, ఇక్కడ ధర బాగుందని విని నర్సింహులపేట దిక్కు నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. రాత్రంతా కుప్ప దగ్గరే పడుకొని, తెల్లవారుతుండగా లేచి చూసేసరికి, ఒక మనిషి గోడ వెంట నిటారుగా నడుస్తూ, ప్రతి కుప్ప దగ్గరా ఆగి వడ్లు అరచేతిలోకి తీసుకొని చూస్తూ వస్తున్నాడు. ముసలాయన గబగబా తలపాగా సర్దుకున్నాడు. పక్కనే లారీ పలక కడుతున్న రవిని, దండం పెట్టినంత మర్యాదగా, ఆయన ఏం మొక్కుకున్నాడని అడిగాడు.

“మొక్కు గాదు తాత,” అన్నాడు రవి, పని ఆపకుండానే. “ఆయన డ్యూటీ మీదున్నడు. నీ కుప్ప కాడికి గూడ వస్తడు, పరదా తియ్యి.”